గూఢచారకథల పునఃపఠనము

కథాంతము తెలిసిన పిమ్మట గూఢచారకథను మఱలఁ జదువువాఁడు పిండిన చెఱకును నమలువాఁడని లోకమున నొక యభిప్రాయము గలదు. ఇది కేవలము నిరాధారమని చెప్పఁజాలను. చిన్ననాఁడు సిద్ధాంతకౌముది పుటలనడుమ మధుబాబుగారి షాడో నవలలను, కొమ్మూరి సాంబశివరావుగారి యుగంధరుని కథలను దాఁచికొని చదివితిని. ఒకనాఁడు గురువుగారికిఁ బట్టుపడి, కారకప్రకరణమును నెలదినములు ప్రతిదినమును వల్లించితిని. ఆ ప్రకరణము నాకు నేఁటికిని గట్టిగా వచ్చుటకు షాడోయే కారణము. కాని పెద్దవాఁడనైన పిదప నా పుస్తకములనే మఱల విప్పఁగా, తొలుతటి యుత్కంఠ పోయిన చోట వేఱొకటి యేదియు నాకుఁ గానరాలేదు. కావున పైయభిప్రాయము పెక్కు కథలయెడ సత్యమే యని యొప్పుకొందును. అది సత్యముకాని యొక కథామాలికను గూర్చి యీ వ్యాసమునఁ గొంత విచారింపఁ దలఁచితిని.

అది జాన్ లె కారే యను నాంగ్లేయుఁడు వ్రాసిన స్మైలీ కథల వరుస. ముప్పది యేండ్లలో వీనిని నాలుగుమాఱులు చదివితిని. తొలిప్రతి హైదరాబాదునందు అబిడ్సు వీథిలో ఆదివారములఁ గాలిబాటపైఁ బఱచి యమ్ము పాఁత పుస్తకములలో దొరకినది. మొదటి పఠనమున దొంగ యెవఁడను ప్రశ్న తప్ప వేఱొకటి నాకుఁ బట్టలేదు. రెండవమాఱు చదువునపుడు గదా, ఆ ప్రశ్న గ్రంథకర్తకు ముఖ్యము కాదని తెలిసినది.

గ్రంథకర్త యసలుపేరు డేవిడ్ జాన్ మూర్ కార్న్‌వెల్. ఆయన 1931లో ఇంగ్లండునందలి పూల్ నగరమునఁ బుట్టి, బెర్నులోను ఆక్స్‌ఫర్డులోను విద్యనభ్యసించి, ఈటన్ పాఠశాలలోఁ గొంతకాలము జర్మనుభాషను బోధించి, పిమ్మట బ్రిటిషు గూఢచారశాఖలు రెంటియందును గొలువు చేసెను. 1961లో ‘కాల్ ఫర్ ది డెడ్’ అను తొలినవల వెలువడెను. కొలువులో నుండఁగా వ్రాయుటచే మాఱుపేరు వలసినది. 1963లో వచ్చిన ‘ది స్పై హూ కేమ్ ఇన్ ఫ్రమ్ ది కోల్డ్’ అనునది ఆయనను జగత్ప్రసిద్ధునిఁ జేసెను. మఱుసటి యేఁడు కొలువు విడిచెను. 2020 డిసెంబరులో మృతినొందెను. ఆ 1963వ సంవత్సరముననే జనవరినెలలో, బ్రిటిషు గూఢచారశాఖలో నున్నతపదవులు నిర్వహించిన కిమ్ ఫిల్బీ యనువాఁడు బెయిరూటునుండి మాస్కోకుఁ బాఱిపోయెను. వాఁడు ఎన్నో యేండ్లుగా సోవియటువారికిఁ బనిచేయుచు, తోడివారి ప్రాణములను వారికి నమ్ముచుండెను. ఈ యుదంతమే 1974లో వెలువడిన ‘టింకర్ టెయిలర్ సోల్జర్ స్పై’ అను నవలకు బీజము. 1977లో ‘ది ఆనరబుల్ స్కూల్‌బాయ్’, 1979లో ‘స్మైలీస్ పీపుల్’ దానిని వెన్నంటి వచ్చినవి. ఈ మూఁడింటను బ్రతిపక్షి యొక్కఁడే; మాస్కో గూఢచారశాఖలోని కార్లా యనువాఁడు. స్మైలీ మాత్రము 1961 మొదలు 2017 వఱకు వెలువడిన తొమ్మిది గ్రంథములలోఁ గనఁబడును.

ఈ స్మైలీ యెట్టివాఁడనఁగా, పొట్టివాఁడు, లావుపాటివాఁడు, మందపుటద్దములవాఁడు. ఆ యద్దములను మెడపట్టీ కొసతోఁ దుడిచికొనుట యాతని యలవాటు. పరుగెత్తఁడు, తుపాకి పేల్చుట మిక్కిలి యరుదు. పదునేడవ శతాబ్దపు జర్మను కవులయందుఁ గృషిచేసిన పండితుఁడు. భార్య ఆన్ కులీన, పరపురుషాసక్త. ఆతఁడు దొంగను బట్టుటకు విషపుటుంగరములను, రహస్యయంత్రములను వాడఁడు. లండనులో పాడింగ్టనుదగ్గఱ నొక చిన్నబసలో గదిపుచ్చుకొని, దొంగచాటుగాఁ దెచ్చిన పాఁత కాగితపుఁగట్టలను రాత్రులెల్లఁ జదువును. ఒక కాగితమును వేఱొకదానితోఁ బోల్చి, తేదీలు సరిచూచి, నడుమఁ జించివేయఁబడిన పుట యేమి చెప్పియుండునో యూహించును. తాళపత్రప్రతులను సంవదించి పాఠనిర్ణయము చేయు మనవంటివారికి వీఁడు పరాయివాఁడుగాఁ దోఁపఁడు. నాకు వీనిపైఁ గలిగిన ప్రీతికి మొదటి కారణ మిదియే యని దాఁపకుండఁ జెప్పుచున్నాను.

ఇఁక నా నవల కథను, రహస్యముతోఁగూడ, చెప్పెదను. రహస్యము చెప్పుట రసభంగమని యాక్షేపించువారికి ముద్రారాక్షసమే సమాధానము. విశాఖదత్తుఁడు రాక్షసునిచుట్టు చాణక్యుఁడు నిల్పిన గూఢచారులను బ్రథమాంకముననే మనకుఁ జూపును. క్షపణకవేషమున రాక్షసునికి మిత్రుఁడైనవాఁడు చాణక్యుని మనుష్యుఁడని మనమెఱుఁగుదుము, రాక్షసుఁ డెఱుఁగఁడు. అంతయుఁ దెలిసి కూర్చున్న ప్రేక్షకుఁడు ఏడంకములు కదలక చూచునా లేదా? గూఢచారకథకు రహస్యమే ప్రాణమైనచో నా నాటకము మొదటియంకముననే చచ్చియుండవలెను.

బ్రిటిషు గూఢచారశాఖకుఁ గథలో ‘సర్కస్’ అని పేరు. దాని కార్యాలయము లండనులోని కేంబ్రిడ్జి సర్కస్ అను కూడలియొద్ద నుండుటయే యీ పేరునకుఁ గారణము. శాఖాధిపతియైన ముదుసలికి, తన పైయధికారులలో నొకఁడు శత్రువుల మనుష్యుఁడని సందేహము పుట్టును. ఆ నామము నెఱిఁగిన చెకోస్లవేకియా సేనాధిపతి యొకఁడు కలఁడని విని, జిమ్ ప్రిడో యనువానిని రహస్యముగా నటకుఁ బంపును. పిల్లలు లెక్కపెట్టు నొక పాటలోని పేర్లను అనుమానితులకు సంకేతములుగా నిచ్చును. టింకర్ పెర్సీ ఆలిలైన్, టెయిలర్ బిల్ హేడన్, సోల్జర్ రాయ్ బ్లాండ్, ఇట్లే మఱి యిరువురు. ఆ యయిదుగురిలోఁ గడపటివాఁడు స్మైలీయే. అది పన్నిన వల. జిమ్ వెన్నున గుండ్లు తగిలి పట్టుపడును. ముదుసలి పదవి పోఁగొట్టుకొని మరణించును. స్మైలీ కొలువునుండి తొలఁగింపఁబడును. కొంతకాలమునకు హాంకాంగునుండి వచ్చిన యొక వార్తచే నా సందేహము మఱలఁ దలయెత్తును. అపుడు ప్రభుత్వపక్షమున నొక యధికారి స్మైలీని రహస్యముగాఁ బిలిచి దొంగను బట్టుమనును. దొంగ బిల్ హేడన్. అందఱికంటె రూపవంతుఁడు, చతురుఁడు, చిత్రకారుఁడు, జిమ్‌నకుఁ బ్రాణమిత్రుఁడు, స్మైలీ భార్యకు ప్రియుఁడు.

ఇందలి పన్నుగడను విప్పి చెప్పక తప్పదు. అర్థశాస్త్రము చదివినవారికి నిది మిక్కిలి రుచించును. సర్కస్ పెద్దలకు ‘మెర్లిన్’ అను సంకేతనామముగల యొక వార్తామూలము మాస్కోలో దొరకును. ఆ వార్తలను లండనులోని సోవియటు దౌత్యాలయోద్యోగి పోల్యకోవ్ అనువాఁడు ఒక రహస్యగృహమునకుఁ దెచ్చి యిచ్చును. సర్కస్ పెద్దలు తమలోఁ దామేమి యనుకొందురనఁగా: పోల్యకోవ్ మనవాఁడు, అయినను మాస్కోవారు వాఁడు సర్కసులోని యొక ద్రోహినుండి వార్తలు గొనుచున్నాఁడని నమ్ముచున్నారు, ఆ నమ్మకము నిలుచుటకు మనము కొన్ని విలువలేని కాగితములను వానిచేతఁ బెట్టవలెను, సర్కసులో ద్రోహి కలఁడను మాట వెలువడినచో దానిని మనమే యణఁచవలెను. సత్యమేమనఁగా, ద్రోహి నిజముగాఁ గలఁడు. విలువలేని కాగితములనడుమ విలువగలవి పోవుచునే యున్నవి. సత్యమునే వేషముగాఁ దొడిగి యందఱియెదుట నడిపించినారు. ద్రోహినిగూర్చి యెవ్వఁడైన నోరు విప్పినచో, తోడివారే ‘ఊరకుండుము, అది మన పన్నుగడ’ యని నోరు మూయుదురు.

కౌటల్యుఁడు ఇరుపక్షములఁ జీతము గొనువానికి ఉభయవేతనుఁడని పేరుపెట్టెను. మువ్వురు చారులు ఒకరినొకరు ఎఱుఁగక యేకవాక్యముగాఁ జెప్పిన వార్తనే నమ్మవలెననియు విధించెను. సర్కస్ పెద్దలు ఈ రెండవ విధిని మీఱినారు. వారి కార్యమంతయు నొక్క మూలముపై నిలిచినది. ఆ మూలము మంత్రులయొద్ద వారికి మన్నన తెచ్చుచుండుటచేఁ బరీక్షింప మనసు రాలేదు. 1909లో శామశాస్త్రిగారు మైసూరున నర్థశాస్త్రమును బ్రకటించినది మొదలు పండితులు దానిని రాజనీతిగ్రంథముగాఁ జదువుచున్నారు. గూఢపురుషప్రకరణములను మాత్ర మీ నవలతోఁ జేర్చి చదివినచో, ఆ విధులలో నొక్కొక్కటి యెవరి ప్రాణము పోయిన పిమ్మట పుట్టినదో యను తలఁపు గలుగును.

శబ్దములను గూర్చియు నొకమాట. ఈ గ్రంథములలో గూఢచారుల పరిభాష యొకటి కలదు. వీథిలో వెంటనంటి నడచువారు కాలిబాట చిత్రకారులు, రహస్యగృహములు, వాహనములు, నిఘా సమకూర్చువారు దీపములు వెలిఁగించువారు, మొఱటుపనులు చేయువారు తలచర్మము లొలుచువారు, పైయధికారుల లేఖకురాండ్రు తల్లులు, అమెరికావారు దాయాదులు. ఇందుఁ గొన్ని గ్రంథకర్త కల్పితములే. శత్రుగృహమున నేండ్లతరబడి యణఁగియుండు ద్రోహికి వాడిన మోల్ అను పదము, అనఁగా నేలలోఁ గన్నములు త్రవ్వు నొక జంతువు పేరు, పదునేడవ శతాబ్దమున ఫ్రాన్సిస్ బేకన్ వ్రాసిన యేడవ హెన్రీ చరిత్రమునందే యిట్టి యర్థమునఁ గలదు. కాని లోకమున రూఢమైనది యీ నవల వెలువడిన పిమ్మటనే. మన కౌటల్యుని కాపటికుఁడు, ఉదాస్థితుఁడు, గృహపతికుఁడు, వైదేహకుఁడు, తాపసుఁడు, సత్రి, తీక్ష్ణుఁడు, రసదుఁడు అను పేర్లును యోగరూఢములే. భేదమొకటి కలదు. కౌటల్యుని పేర్లు వేషమును గాని స్వభావమును గాని తెలుపును. తీక్ష్ణుఁడన్న మాటలోఁ గత్తి కనఁబడుచునే యున్నది. ఆంగ్లేయుని పేర్లు క్రౌర్యమును పిల్లలగదిలోని మాటలతోఁ గప్పును. చంపుటకు వెడలువానికిఁ దోడుపోవువానిని దాదియని పిలుచు కొలువులో మనస్సు దేనినుండి దాఁగుచున్నదో శబ్దమే చెప్పుచున్నది.

ఇఁక రెండవ పఠనమునకు వత్తము. హేడన్ ద్రోహి యని తెలిసి మొదటినుండి చదువుచుండఁగా నాకు మాటిమాటికి వ్యాకరణములోని లోపశబ్దము స్ఫురించెను. లోకమున లోపమనఁగా లేమి. పాణిని యట్లనలేదు, కనఁబడవలసినది కనఁబడకుండుటకే లోపమని పేరు పెట్టెను. అంతతోఁ బోనీక, ప్రత్యయము లోపించినను దానివలన రావలసిన కార్యము వచ్చునని శాసించెను. ‘అగ్నిచిత్’ అను శబ్దమును జూడుఁడు. చిఞ్ ధాతువుపైఁ జేరిన క్విప్ ప్రత్యయములో నొక్క యక్షరమును మిగులదు. కకారపకారము లనుబంధములై పోయినవి, ఇకార ముచ్చారణార్థము, వకారమును లోపించినది. అయినను జివర నొక తకారము నిలిచియున్నది. అది యెక్కడిది? కనఁబడని యా ప్రత్యయము తెచ్చిన తుగాగమము. చూపునకు ప్రత్యయము లేదు. తకారము మాత్ర మున్నది. దానిని జూచి దీనిని దెలిసికొనవలెను.

స్మైలీ చేయు పని యిదియే. ద్రోహి యెచ్చటను గనఁబడఁడు. వాని కార్యములు కనఁబడును. కొలువు వ్రాఁతపుస్తకములో నొక రాత్రి పుట లేదు. పోల్యకోవ్ సైనికుఁడని జ్ఞాపకముంచుకొని వాదించిన కానీ సాక్స్ అను వృద్ధురాలికిఁ గొలువు పోయినది. అడుగఁగూడని ప్రశ్న యడిగిన ప్రతివాఁడును ఏదో యొక నెపమున వెడలఁగొట్టఁబడినాఁడు. ఇవియన్నియుఁ దకారములు. తొలిపఠనమున వీనిని నేను కథలోని చిల్లరవిషయములని దాఁటిపోయితిని. రెండవమాఱు ప్రతిదానియెదుటను నిలువవలసివచ్చెను.

అయినను, ఈ పోలిక యొకచోటఁ జెడును; చెడినచోటనే గ్రంథము గొప్పది. వ్యాకరణమున లోపించినది యందఱికిని గనఁబడదు. ఇచ్చట నట్లు కాదు. హేడన్ పట్టుపడిన రాత్రి స్మైలీకిఁ దోఁచినదేమనఁగా, తానును తనతోడివారును ఈ సంగతిని సగమెఱిఁగియే యుండిరని. పేరు పెట్టి పిలువకున్నచోఁ దానే కుదురునను నాశతో రోగమును దాఁచికొనువారివలె వారెవ్వరు నా మాట ననలేదు. జిమ్ ప్రిడో యైతే, చెకోస్లవేకియాకు బయలుదేఱుటకుముందు హేడనును గలిసికొని, నిన్ను వెదకుచున్నారు సుమా యను భావముతో నెచ్చరించి మఱి పోయెను! ఎఱిఁగియే, తన వెన్నున దిగఁబోవు గుండ్లను దానే పిలుచుకొన్నాఁడు. తొలిపఠనమున నేను దొంగ పట్టుపడినాఁడని సంతోషించి యీ పుటను దాఁటితిని. రెండవమాఱు పుస్తకము మూసి కొంతసేపు బయటఁ గూర్చుంటిని.

దానికిఁ గారణము చెప్పవలెను. ఇరువదియేండ్లక్రిందట నేను బనిచేసిన యొకచోట చిన్న గ్రంథభాండాగార ముండెను. అందుఁ గొన్ని తాళపత్రప్రతులు. నాతోఁ గలిసి బోధించుచుండిన యొకాయన, నాకంటె మేలైన వైయాకరణుఁడు, నా యింట భుజించినవాఁడు, తాళపుఁజెవులు తనయొద్ద నుంచుకొనెడివాఁడు. ఏటేఁట వేసవిలోఁ గట్టలు లెక్కపెట్టుట నా వంతు. ఒక వేసవిలో నేను లెక్కపెట్టలేదు. ఎండలు మిక్కుటముగా నున్నవని నాకు నేను చెప్పికొంటిని. మఱుసటి వేసవిలో నింటఁ బెండ్లి యని చెప్పికొంటిని. మా మువ్వురు సహోద్యోగులలో నొక్కరును నన్నడుగలేదు. అడుగనందులకు నేను వారికి లోలోపలఁ గృతజ్ఞుఁడనై యుంటిని. మూఁడవయేఁట క్రొత్తగా వచ్చిన యువకుఁ డొకఁడు లెక్కపెట్టెను. పదునొకండు కట్టలు లేవు. వానిలో నొకటి పుటలు చెదలు తినకుండ నేనే సంవత్సరముపాటు నూనె రాచి నిలిపిన ప్రతి. ఆయన కొలువు పోయెను. నేనేమియు దొంగిలింపలేదని యందఱు నెఱుఁగుదురు. లెక్క యేల పెట్టలేదని నన్నెవ్వఁడును నేఁటివఱకు నడుగలేదు. ఆ పుటయొద్ద లె కారే యడిగెను.

కార్లా ప్రసంగమునకు వచ్చుటతో మన దేశ ప్రసక్తియుఁ గలుగును. 1950వ దశాబ్దము నడుమ, మండువేసవిలో, ఢిల్లీ చెఱసాలలో స్మైలీ వానిని గలిసికొనును. అప్పటికి వాఁడు మాఱుపేరుతో నున్న యొక సామాన్యచారుఁడు. మాస్కోకుఁ దిరిగిపోయినచోఁ బ్రాణము దక్కుట సందేహము. పక్షము మాఱి మాతో రమ్మని స్మైలీ బోధించును. వాఁడు మాటాడఁడు. ఒక్క మాటయు ననఁడు. స్మైలీయే, వేడిమిచేతను జ్వరభారముచేతను దడఁబడుచు, మాటాడుచుఁ బోవును. భార్యను దలఁచికొమ్మనును, దాంపత్యమును గూర్చి చెప్పును. అంతయు నా ఖైదీకిఁ జెప్పుచున్నాననుకొనుచుఁ దన గుండెను వానిచేతఁ బెట్టును. ఆన్ తనపేరఁ జెక్కించి యిచ్చిన సిగరెట్టు వెలిఁగించు పరికరమును వానికిచ్చును. వాఁడు దానిని దీసికొని, మఱునాఁడు విమానమెక్కి పోవును. ప్రశ్నించినవాఁడు ఉత్తరములన్నియు నిచ్చెను. ప్రశ్నింపఁబడినవాఁడు వానిని మూటగట్టుకొని పోయెను. తరువాత నేండ్లకు కార్లా హేడనునకుఁ బంపిన యాజ్ఞ: ఆన్‌కుఁ బ్రియుఁడవు కమ్ము. నిన్నుఁ జూడఁగలవాఁడు స్మైలీ యొక్కఁడే. వాఁడు నీపై వ్రేలు చూపినను లోకము భార్యనిమిత్తమైన యీసు అనును. మౌనము వ్రతమని వినియున్నాను. ఆయుధముగాఁ బ్రయోగింపఁబడుట నేను జదివినవానిలో నిచ్చట నున్నంత తీక్ష్ణముగా మఱెచ్చటను లేదు.

రెండవ గ్రంథమైన ‘ది ఆనరబుల్ స్కూల్‌బాయ్’ని గూర్చి విస్తరింపను. హాంకాంగు, లావోసు, కాంబోడియా యుద్ధభూములు, జెర్రీ వెస్టర్బీ యను పత్రికావిలేఖకుని సంచారము, అన్నియుఁ బ్రత్యక్షదృష్టములవలెనే యున్నవి. గ్రంథకర్త యా దేశములఁ దిరిగి చూచి వ్రాసెను, చూచినదంతయు వ్రాసెను. మూఁడవవంతు తగ్గించినచో గ్రంథము మేలగును. మూఁడవ పఠనమునందును నాలుగవదానియందును నేనుగూడఁ గొన్ని ప్రకరణములను దాఁటిపోయితిని. అయినను దానియంతమున స్మైలీ కష్టించి పట్టిన చీనాదేశీయుని అమెరికావారు తన్నుకొనిపోవుట, వెస్టర్బీ తనవారి చేతనే కూలుట మఱపునకు రావు.

‘స్మైలీస్ పీపుల్’ పునఃపఠనమున మాఱినంతగా మఱియే గ్రంథమును నాకు మాఱలేదు. లండనులో హాంప్‌స్టెడ్ మైదానమున వ్లదీమిర్ అను వృద్ధ ఎస్టోనియా సేనాని హతుఁడగును. విశ్రాంతుఁడైన స్మైలీని బిలిచి, సంగతి యణఁచివేయుమందురు, ఆతఁడు తవ్వును. పారిసు, హాంబర్గు, బెర్నులమీఁదుగా జాడ తీయఁగా, కార్లాకు మతిచలించిన యొక కూఁతురు కలదనియు, దానిని స్విట్జర్లండునందలి చికిత్సాలయమున మాఱుపేరుతో దాఁచి, ప్రభుత్వధనమును మ్రుచ్చిలి పోషించుచున్నాఁడనియుఁ దెలియును. చాలును. స్మైలీ యా దారమును బట్టి లాగును: నీవు మా పక్షమునకు రమ్ము, లేనిచో నీ సంగతి మాస్కోకుఁ దెలియును, నీ కూఁతురు దిక్కులేనిదగును.

తొలిపఠనమున నిది విజయముగాఁ దోఁచెను. తరువాత నర్థశాస్త్రమున ఉభయవేతనుల ప్రకరణమును దలఁచికొంటిని. అట్టివారి భార్యాపుత్రులను స్వాధీనమునం దుంచుకొనవలెనని కౌటల్యుఁడు కన్ను చెమర్పకుండ విధించెను. స్మైలీ చేసినదియు నదియే. కార్లా తన భార్యను ద్వారముగాఁ జేసికొని లోనికి వచ్చెను. తాను వాని కూఁతురిని ద్వారముగాఁ జేసికొనెను. బెర్లినులో వంతెనమీఁదుగా కార్లా కూలివానివలె నడచి వచ్చునపుడు స్మైలీకిఁ గలిగినది హర్షము కాదు. కార్లా ఢిల్లీనాఁటి యా పరికరమును నేలపై జాఱవిడుచును. అది స్మైలీ పాదములయొద్దఁ బడియుండును. ఆతఁడు దానిని దీసికొనఁడు.

ముద్రారాక్షసమునను ఇట్లే యున్నది గదా యని పండితులందురు. తన యాలుబిడ్డలను దాఁచిన చందనదాసుని వధ్యస్థానమునకుఁ గొనిపోవఁగా, రాక్షసుఁడు ఖడ్గమును విడిచి తానై వచ్చి లోఁబడును. శత్రువును వాని స్నేహగుణముచేతనే గట్టుట రెండింటను సమానము. కాని చాణక్యుఁడు రాక్షసుని యా గుణమును మొదటినుండియు గౌరవించి, దానికొఱకే వానిని మంత్రిపదవియందు నిలుపఁ దలఁచెను, లోఁబడినవాఁడు పెరిఁగెను. కార్లా లోఁబడి తఱిగిపోవును. గెలిచిన స్మైలీయుఁ దఱిగిపోవును. విశాఖదత్తుఁడు రాజ్యము స్థిరపడుటను జూచుచు వ్రాసెను. రాజ్యము సన్నగిల్లిన యొక జాతివాఁడు లె కారే. ఇట్లనుటచే నొకటి యెక్కువ, ఒకటి తక్కువ యని నా తాత్పర్యము కాదు. అయినను నా మనస్సు నాటకముకడకే మొగ్గునని దాఁపను.

ఇఁక 2017 నాఁటి ‘ఎ లెగసీ ఆఫ్ స్పైస్’. ఇందు గ్రంథకర్తయే తన గ్రంథమునకుఁ బునఃపాఠకుఁడయ్యెను. 1963 నాఁటి కథలో ఆలెక్ లీమస్ అను చారుఁడును, ఏమియు నెఱుఁగని లిజ్ అను యువతియు బెర్లిను గోడయొద్దఁ జంపఁబడుదురు. ఏఁబది యేండ్లకుఁ బైఁబడిన పిమ్మట వారి సంతతి న్యాయస్థానమున వ్యాజ్యెమునకుఁ బూనఁగా, స్మైలీ శిష్యుఁడైన పీటర్ గిల్లమును బ్రిటనీనుండి లండనునకుఁ బిలిపించి, పాఁత కాగితపుఁగట్టలను వానిచేఁ జదివింతురు. ఎవరి మేలునకై యా యిరువురు పోయిరి? ఈ ప్రశ్నను 1963 నాఁటి గ్రంథము పాఠకుని గుండెలో విడిచి ముగిసినది. 2017 నాఁటిది దానిని స్మైలీ ముఖమునే యడుగును. ఆతఁడు చెప్పిన సమాధానము, ఐరోపాకొఱకని, నాకుఁ బూర్తిగాఁ దృప్తికరము కాదు. అడుగుటయే నాకుఁ బ్రధానము.

ఇచ్చట వ్యాఖ్యాతలకు రుచించు నొక చిక్కు గలదు. తొలినవల ననుసరించి స్మైలీ 1928లో ఆక్స్‌ఫర్డు విద్య ముగించుచుండఁగాఁ గొలువునకుఁ బిలువఁబడెను. లెక్కించినచోఁ గడపటి గ్రంథమున నాతనికి నూఱేండ్లు దాఁటవలెను. గ్రంథకర్త నడుమ గ్రంథములలో నాతని వయస్సును మెల్లఁగాఁ దగ్గించుకొని వచ్చెను. అయినను లెక్క కుదురదు. పూర్వాపరవిరోధమును బరిహరించుట మన వ్యాఖ్యాతల కులవిద్య. ఇంతటి పని కలిగి కూడ నాంగ్లేయులు దీనికొక శాస్త్రార్థము లేపకపోవుట నాకు వింతగా నున్నది. 2024లో గ్రంథకర్త కుమారుఁడు నిక్ హార్కవే ‘కార్లాస్ చాయిస్’ అను నవలతో నీ కథను గొనసాగించెను. దానిని నేనొకమాఱే చదివితిని; కావున నీ వ్యాసమున దానిని గూర్చి మాటాడుట న్యాయము కాదు.

గడచిన వేసవిలో నాలుగవమాఱు ‘టింకర్’ను దెఱచితిని. అది సర్కసులో నారంభము కాదు. పల్లెపట్టున నొక బాలుర పాఠశాలలో నారంభమగును. వానలో బండి తోలుకొని వచ్చిన క్రొత్త యుపాధ్యాయుఁడు జిమ్ ప్రిడో, వెన్ను వంగియున్నది. ఆతనిని మొదటఁ జూచినవాఁడు రోచ్ అను లావుపాటి పిల్లవాఁడు. తల్లిదండ్రులు విడిపోయినందునఁ దోడులేనివాఁడు, దేనిని జూచినను మఱవనివాఁడు. నీవు మంచి కాపరివి, అన్నియుఁ గనిపెట్టుదువు, అని జిమ్ వానిని మెచ్చుకొనును. ఆ మెప్పే వాని జీవమయ్యెను. ఒక రాత్రి జిమ్ మట్టిలోనుండి తుపాకి తీయుట వాఁడు చూచెను. మొదటి మూఁడు పఠనములలోను నేనీ పిల్లవానిని గథకొక యలంకారముగానే భావించితిని.

గ్రంథాంతమున హేడన్ బందీగా నుండఁగా నొక రాత్రి యెవఁడో మెడ విఱిచి చంపును. ఎవఁడని గ్రంథకర్త పేర్కొనఁడు. కొన్నిదినములు కనఁబడకపోయిన జిమ్ పాఠశాలకుఁ దిరిగివచ్చి, యెవ్వరితోను మాటాడక, చీఁకటి ముఖముతోఁ దిరుగుచుండును. రోచ్ వానికి సేవచేయును. వాని మనస్సు మెల్లమెల్లగాఁ గుదుటపడుటను జూచును. ఇఁకఁ దాను జూచిన తుపాకి సంగతి యేమి? అది యొక కల యని, పదేపదే తనకుఁ దాను చెప్పికొని చెప్పికొని, యా పిల్లవాఁడు చివరకు నమ్మును. ఆ పుటతో గ్రంథము ముగిసినది.